పాత బ్రౌజర్ల కోసం, పాత డేటా కోసం మిగిలిపోయిన కోడ్ తొలగింపు: ప్రాజెక్టు డైరీ

ఏం తీయబోతున్నాం, ఎందుకు

మేము నడుపుతున్న వెబ్ అప్లికేషన్ చేసే పని ఒక్క మాటలో చెప్పవచ్చు. కొందరు పత్రాలు అప్‌లోడ్ చేస్తారు, మరికొందరు వాటిని పరిశీలించి ఆమోదిస్తారు లేదా తిప్పి పంపుతారు. అయితే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 ఇంకా విరివిగా వాడుకలో ఉన్న రోజుల్లో ఇది మొదలైంది. అప్పటి నుంచి పాత బ్రౌజర్లకు, పాత మొబైల్ యాప్‌కు, పాత పద్ధతిలో దాచిన డేటాకు ఇబ్బంది కలగకూడదని రాసిన బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ కోడ్ పొరలు పొరలుగా పేరుకుపోయింది. దాన్ని రాసినవారు సరైన పనే చేశారు. ఆ రోజున ఆ వాడుకరులు నిజంగా ఉన్నారు. కానీ కట్టడం పూర్తయ్యాక పరంజాను విప్పినట్టు ఈ కోడ్‌ను విప్పాలన్న సంగతి మాత్రం ఎక్కడా రాసి పెట్టలేదు. అందువల్ల ఇప్పుడు ఏది గోడో, ఏది పరంజానో కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్‌కు తెలియడం లేదు.

ఇది కేవలం శుభ్రత కోసం చేసే పని కాదని జట్టులో అందరికీ తెలియాలన్న ఉద్దేశంతో, మొదటి సమావేశంలోనే నైట్ క్యాపిటల్ ఉదంతాన్ని వివరంగా చర్చించాం. ఆ అమెరికా షేర్ల వ్యాపార సంస్థ 2003లోనే వాడడం మానేసిన 'పవర్ పెగ్' అనే ఫంక్షన్‌ను కోడ్ నుంచి తీయకుండా వదిలేసింది. 2012లో కొత్త సదుపాయానికి ఒక ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటిది) అవసరమైనప్పుడు, ఒకప్పుడు ఆ పాత ఫంక్షన్‌ను నడిపించిన ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానిలోకి కొత్త కోడ్ చేరలేదు. ఆగస్టు 1న ఆ ఒక్క సర్వర్‌లో పాత ఫంక్షన్ మేల్కొని, సుమారు 45 నిమిషాల్లో ఆ సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. మా అప్లికేషన్‌లో అంత డబ్బు చేతులు మారదు. అయినా నడవని కోడ్ వల్ల నష్టం లేదనే మాట నిజం కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకున్నాం. ఏ భాగాన్ని తొలగించాలన్నా మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఉండాలి: ఇది ఎవరి కోసం రాశారు, వాళ్లు ఇప్పుడు ఉన్నారా, లేరని ఎలా తెలుసు. మూడింటిలో మొదటిదే కష్టమని నా అంచనా. ఎందుకంటే దానికి జవాబు కోడ్‌లో దొరకదు, కోడ్ చరిత్రలోనే దొరుకుతుంది.

జాబితా తయారీ

వెతకడం సులువుగానే మొదలైంది. 'లెగసీ', 'కంపాట్', 'ఓల్డ్', 'ట్రైడెంట్', 'ఎంఎస్ఐఈ' లాంటి మాటల కోసం రిపో (కోడ్ అంతా దాచిన చోటు) అంతా గాలించాం. దొరికిన ప్రతి చోటా కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని లాగ్ ఆదేశానికి క్యాపిటల్ ఎస్ ఆప్షన్ ఇచ్చి, ఆ వాక్యం మొదటిసారి ఏ కమిట్‌తో (నమోదైన మార్పుతో) వచ్చిందో చూశాం. ప్రతి పంక్తినీ చివరగా ఏ మార్పు తాకిందో చూపే గిట్ బ్లేమ్ ఇక్కడ చాలదు. మధ్యలో ఎవరో ఖాళీలు సరిదిద్దినా, కోడ్‌ను మరో ఫైలులోకి మార్చినా అది ఆ చివరి మార్పునే చూపిస్తుంది. మనకు కావలసింది ఆ వాక్యం పుట్టిన రోజు, ఆ రోజున రాసిన కమిట్ సందేశం.

దొరికినవన్నీ చూశాక, ఈ కోడ్‌లో మూడు జాతులు ఉన్నాయనిపించింది. మొదటిది బ్రౌజర్ల కోసం రాసింది, రెండోది మన ఏపీఐని (ఇతర ప్రోగ్రాములు మన అప్లికేషన్‌తో మాట్లాడే మార్గాన్ని) బయటి నుంచి పిలిచే ప్రోగ్రాముల కోసం రాసింది, మూడోది మన డేటాబేస్‌లోనే ఉన్న పాత డేటా కోసం రాసింది. ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, ఒక్కోదానికి రుజువు ఒక్కో చోట ఉంటుంది. బ్రౌజర్లకు రుజువు సర్వర్ లాగులలో (వచ్చిన అభ్యర్థనల నమోదులో) ఉంటుంది. బయటి ప్రోగ్రాములకు లాగులతో పాటు మనుషులతో మాట్లాడడం కూడా అవసరం. పాత డేటాకు మాత్రం ఒక క్వెరీ రాస్తే ఖచ్చితమైన జవాబు వస్తుంది. ఆ నిశ్చయత మిగిలిన రెండింటికీ ఎప్పటికీ రాదు.

ఈ దశలోనే ఒక ఆసక్తికరమైన విషయం బయటపడింది. యూజర్ ఏజెంట్‌లో (బ్రౌజర్ తానెవరో సర్వర్‌కు చెప్పే వాక్యంలో) 'ఎంఎస్ఐఈ' అనే అక్షరాల కోసం చూసే షరతులు చాలా ఉన్నాయి. కానీ 2013లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) 11 తన యూజర్ ఏజెంట్ నుంచి ఆ అక్షరాలను తీసేసి, తన ఇంజిన్ పేరైన 'ట్రైడెంట్' అనే మాటను మాత్రం ఉంచింది. అంటే ఆ షరతుల వెనుక ఉన్న కోడ్ ఐఈ 11లో మామూలుగా ఏనాడూ నడవలేదు. ఆ బ్రౌజర్‌ను ఆదుకుంటోందని అందరం నమ్మిన కోడ్ లేకుండానే ఆ బ్రౌజర్ ఇన్నాళ్లూ పనిచేసింది. ఈ భాగాన్ని తొలగించడానికి వేరే రుజువు వెతకనవసరం లేకపోయింది.

ఎవరు మిగిలి ఉన్నారో లెక్కించడం

మైక్రోసాఫ్ట్ 2016 జనవరిలో ఐఈ 8, 9, 10 వెర్షన్లకు చాలా విండోస్ వ్యవస్థల మీద మద్దతు ఆపేసింది. విండోస్ 10లోని ఐఈ 11 డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను 2022 జూన్ 15న విరమింపజేసింది. ఈ తేదీలు చూసి ఇక పాత బ్రౌజర్ల వాడుకరులు లేరని తేల్చేయవచ్చు అనిపిస్తుంది. అలా తేల్చకూడదు. ఎడ్జ్ బ్రౌజర్‌లో పాత ఐఈ ఇంజిన్‌తో పేజీలు తెరిచే ఐఈ మోడ్ అనే సదుపాయం ఉంది, దానికి కనీసం 2029 వరకు మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కొన్ని సంస్థలలో నిర్వాహకులు కొన్ని వెబ్‌సైట్లు ఆ మోడ్‌లోనే తెరుచుకునేలా ఏర్పాటు చేస్తారు. అలా తెరిచినప్పుడు మన సర్వర్‌కు కనిపించేది ఐఈ 11 యూజర్ ఏజెంటే. కాబట్టి లాగులలో 'ట్రైడెంట్' కనిపించిన ప్రతి అభ్యర్థన ఏ ఖాతా నుంచి వచ్చిందో చూసి, ఆ సంస్థల నిర్వాహకులకు రాశాం. మా సైటును ఐఈ మోడ్‌లో తెరిచే సైట్ల జాబితాలో పెట్టడానికి ఒకప్పుడు కారణం ఉండేదని, ఇప్పుడు లేదని వారే చెప్పి తొలగించారు. ఒక ఉత్తరంతో తేలిన ఆ విషయం కోడ్‌ను ఎంతసేపు చదివినా తెలిసేది కాదు.

యూజర్ ఏజెంట్ మీద మాత్రమే ఆధారపడకుండా, తొలగించాలనుకున్న ప్రతి పాత దారి ముందూ ఒక చిన్న గుర్తు పెట్టాం. ఆ దారిలోకి ఎవరైనా వస్తే దారి పేరు, ఖాతా, యూజర్ ఏజెంట్ లాగులోకి చేరతాయి. ఎంత కాలం ఆగాలన్న దానిపై జట్టులో గట్టి చర్చ జరిగింది. ఒక నెల పాటు ఎవరూ రాకపోతే చాలని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. సంవత్సరాంతంలో మాత్రమే నడిచే నివేదికలు, మూడు నెలలకొకసారి నడిచే షెడ్యూల్డ్ పనులు మా అప్లికేషన్‌లో ఉన్నాయి. వాటికి సంబంధించిన దారులకు నెల రోజుల నిశ్శబ్దం రుజువు కాదు. చివరికి, బ్రౌజర్‌లో మనుషులు వాడే దారులకు తక్కువ గడువు, యంత్రాలు వాడే దారులకు ఆ పని పూర్తి చక్రం ఒకసారి తిరిగేంత గడువు పెట్టుకున్నాం.

సీఎస్ఎస్, కండిషనల్ కామెంట్లు

ఇది తేలిగ్గా ముగిసింది. హెచ్‌టీఎంఎల్‌లో ఐఈ మాత్రమే చదివేలా రాసే కండిషనల్ కామెంట్లను ఐఈ 10 నుంచే పట్టించుకోవడం మానేశారు. అందువల్ల వాటినీ, అవి తెచ్చే ప్రత్యేక స్టైల్‌షీట్లనూ తీసేయడానికి సంకోచించలేదు. గుండ్రటి మూలలకూ నీడలకూ చేత్తో రాసిన వెండర్ ప్రిఫిక్సులు (ఒక్కో బ్రౌజర్‌కు వేరుగా పెట్టే ఉపసర్గలు), 'జూమ్' విలువ ఒకటిగా పెట్టి లేఅవుట్‌ను సరిచేసే పాత ఉపాయాలు, డైరెక్ట్‌ఎక్స్ ఫిల్టర్లు అన్నీ ఒకే వరుసలో పోయాయి. ప్రతి పేజీ స్క్రీన్‌షాట్‌ను ముందూ తర్వాతా తీసి పిక్సెల్ స్థాయిలో పోల్చాం. ఒక్కచోట మాత్రం తేడా కనిపించింది. ఫ్లోట్లను (పక్కకు జరిపి పెట్టిన భాగాలను) అదుపు చేయడానికి పెట్టిన క్లియర్‌ఫిక్స్ క్లాసును తీసినప్పుడు ఒక పట్టిక పైకి జరిగింది. ఆ క్లాసు పాత బ్రౌజర్ కోసం కాదు, లోపల ఇంకా ఫ్లోట్లు ఉన్నందుకే అక్కడ ఉంది. దాని స్థానంలో 'ఫ్లో-రూట్' అనే డిస్‌ప్లే విలువ ఇచ్చాం.

పాలీఫిల్స్, జేక్వెరీ

ఏ బ్రౌజర్లకు మద్దతివ్వాలో చెప్పే బ్రౌజర్స్‌లిస్ట్ ఫైలులో 'ఐఈ 11' అన్న ఒక్క పంక్తి ఉండేది. ఆ పంక్తి ఉన్నంతకాలం బేబెల్ అనే అనువాద సాధనం ప్రతి యారో ఫంక్షన్‌నూ, ప్రతి ఎసింక్ ఫంక్షన్‌నూ పాత జావాస్క్రిప్ట్‌లోకి మార్చి, కోర్-జేఎస్ లైబ్రరీ నుంచి కట్టలకొద్దీ పాలీఫిల్స్‌ను (పాత బ్రౌజర్లలో లేని ఫంక్షన్ల లోటు తీర్చే కోడ్‌ను) కలిపేది. ఆ పంక్తిని తీయడం ఒక్క నిమిషం పని. దాని ముందు చేయవలసిన పనే ఎక్కువ. మా కోడ్‌లో కొన్ని పాలీఫిల్స్ కోర్-జేఎస్ నుంచి కాకుండా ఎవరో చేత్తో రాసినవి. అవి బ్రౌజర్‌లో ఆ ఫంక్షన్ ఇప్పటికే ఉందో లేదో చూడకుండా, దాని మీద తమదాన్ని రాసేస్తున్నాయి. అంటే నేటి బ్రౌజర్‌లోనూ అసలు ఫంక్షన్ బదులు మా పాత నకలే నడుస్తోంది. అరేలకు (విలువల వరుసలకు) 'ఫైండ్ ఇండెక్స్' కోసం రాసిన అలాంటి నకలు, ఏదీ దొరకనప్పుడు మైనస్ ఒకటికి బదులు 'అన్‌డిఫైన్డ్' ఇస్తోంది. దాని మీద ఆధారపడిన పోలికలు మూడు ఫైళ్లలో ఉన్నాయి. ముందు ఆ పోలికలను సరిచేసి, తర్వాతే నకలును తీశాం.

ఇలాంటి చేరికల ప్రభావం ఒక అప్లికేషన్ దాటి జావాస్క్రిప్ట్ భాష మీదే పడింది. మూటూల్స్ లైబ్రరీ అరేలన్నింటికీ వర్తించే అరే ప్రోటోటైప్‌కు 'కంటెయిన్స్' అనే ఫంక్షన్‌ను చేర్చినందువల్ల భాషలోకి రావలసిన ఆ ఫంక్షన్ పేరు 'ఇన్‌క్లూడ్స్'గా మారింది. 2018లో అదే కారణంతో 'ఫ్లాటెన్' అన్న పేరు 'ఫ్లాట్'గా మారింది. ఇంటర్నెట్‌లో ఎవరి పేజీ చెడిపోతుందో తెలియదు కాబట్టి భాషకు పాతదాన్ని వదులుకునే స్వేచ్ఛ లేదు. మాకు మా వాడుకరులు ఎవరో తెలుసు. ఆ స్వేచ్ఛను వాడుకోవడం మన బాధ్యత అని నేను భావిస్తాను.

ఒక పాత పేజీలో పాలీఫిల్స్‌ను బయటి సర్వర్ నుంచి నేరుగా తెచ్చుకునే స్క్రిప్ట్ ట్యాగు ఒకటి దొరికింది. అది పాలీఫిల్ డాట్ ఐఓ. ఆ డొమైన్ 2024 ఫిబ్రవరిలో చేతులు మారింది, అదే ఏడాది జూన్‌లో దాని ద్వారా లక్షకు పైగా వెబ్‌సైట్లలోకి హానికర కోడ్ వెళ్లినట్టు భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఆ పేజీ మా వాడుకరులకు లింకు ద్వారా అందేది కాదు, చిరునామా తెలిసినవారికి మాత్రమే తెరుచుకునేది. అయినా ఆ ట్యాగును అదే రోజు తీసేసి, కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో మా సొంత డొమైన్‌ను తప్ప మరి దేన్నీ స్క్రిప్టులకు అనుమతించకుండా మార్చాం. అవసరం తీరిన పాలీఫిల్ అక్కడ ఎంత నిరపాయంగా కనిపించినా, అది మన పేజీలో ఏదైనా చేయగల అధికారాన్ని బయటివారికి ఇచ్చి ఉంచినట్టే.

బ్రౌజర్ల తేడాలను కప్పే జేక్వెరీ లైబ్రరీలో 1 శ్రేణిని ఇన్నాళ్లూ ఉంచడానికి కారణం ఐఈ 8. 2013 ఏప్రిల్‌లో వచ్చిన జేక్వెరీ 2.0 ఐఈ 6, 7, 8లకు మద్దతు వదిలేసింది. మేము నేరుగా 3 శ్రేణికి వెళ్లాం. అందులో అతి పెద్ద మార్పు పైకి కనిపించదు. 2016 జూన్‌లో వచ్చిన 3.0 నుంచి డిఫర్డ్ వస్తువుల (తర్వాత వచ్చే ఫలితానికి ప్రతినిధుల) 'దెన్' కాల్‌బ్యాకులు (ఫలితం వచ్చాక నడిచే ఫంక్షన్లు) ప్రామిస్ ప్రమాణానికి అనుగుణంగా తర్వాత నడుస్తాయి. అంతకుముందు, ఫలితం అప్పటికే సిద్ధంగా ఉంటే కాల్‌బ్యాక్ అక్కడికక్కడే నడిచేది. మా ఆమోదం పేజీలో ఒక బటన్‌ను నిష్క్రియం చేసే పంక్తి 'దెన్' తర్వాత ఉంది. పాత వెర్షన్‌లో ముందు కాల్‌బ్యాక్, తర్వాత ఈ పంక్తి నడిచేవి. కొత్త వెర్షన్‌లో ఆ వరుస తిరగబడింది. రెండో విషయం ఏమిటంటే, కాల్‌బ్యాక్ లోపల వచ్చిన ఎర్రర్ పాత వెర్షన్‌లో బయటికి వచ్చి మా ఎర్రర్ నమోదు వ్యవస్థకు అందేది. కొత్తదానిలో అది తిరస్కరణగా మారి లోపలే ఉండిపోతుంది. అందువల్ల పట్టుబడని తిరస్కరణలను వినే ఏర్పాటు ముందు చేసి, పాత జేక్వెరీ నడతను కొనసాగిస్తూ హెచ్చరించే మైగ్రేట్ ప్లగిన్‌ను పెట్టి, కన్సోల్‌లో హెచ్చరికలు ఆగేవరకు దాన్ని ఉంచాం. ఆ ప్లగిన్ కూడా కంపాటిబిలిటీ కోడే. అది తొలగింపు జాబితాలో అప్పుడే చేరింది.

అజాక్స్ అభ్యర్థనలు, అప్‌లోడ్ దారి

పేజీని మళ్లీ తెరవకుండా పంపే (అజాక్స్) ప్రతి గెట్ అభ్యర్థన చివర అండర్‌స్కోర్ పేరుతో టైమ్‌స్టాంపు చేరుతోంది. ఐఈ అజాక్స్ జవాబులను అతిగా క్యాష్ చేసేది (దాచుకుని మళ్లీ వాడేది) కాబట్టి, ప్రతిసారీ చిరునామా వేరుగా కనిపించేలా ఈ ఉపాయం చేశారు. దీనివల్ల నేటి బ్రౌజర్లలో ఏ క్యాష్ కూడా పనికిరాకుండా పోయింది. అయితే దీన్ని ఊరికే తీస్తే వేరే చిక్కు వస్తుంది. క్యాష్ గడువు చెప్పే హెడర్ (జవాబుతో వెళ్లే అదనపు సమాచారం) లేకుండా చివరి మార్పు తేదీ మాత్రమే ఉన్న జవాబును బ్రౌజర్ తన అంచనాతో కొంతకాలం దాచుకోవచ్చని హెచ్‌టీటీపీ ప్రమాణమే అనుమతిస్తుంది. అంటే ఆమోదించిన పత్రం ఇంకా పెండింగ్‌లో ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకే ముందు సర్వర్‌లో ప్రతి జవాబుకూ 'నో-క్యాష్' (వాడే ముందు సర్వర్‌ను అడగమనే) సూచననూ, ఈట్యాగునూ (జవాబు మారిందో లేదో తెలిపే గుర్తునూ) చేర్చి, అవి సరిగా వస్తున్నాయని చూసుకున్నాక టైమ్‌స్టాంపును తీశాం. ఇప్పుడు మారని జాబితాలకు 304 (మారలేదు) జవాబులు వస్తున్నాయి. అదే ఫైలులో స్టేటస్ 1223 అయితే దాన్ని 204గా భావించమనే షరతు ఒకటి ఉంది. ఖాళీ జవాబును పాత ఐఈ ఆ వింత సంఖ్యగా చూపించేది. దాన్ని తీయడానికి ఆలోచించలేదు.

అప్‌లోడ్ దారి మాత్రం ఈ మొత్తం పనిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది. ఐఈ 9, అంతకుముందు వెర్షన్లలో, స్క్రిప్ట్‌తో ఫైలు పంపేందుకు కావలసిన ఫామ్‌డేటా లేదు. పేజీని మార్చకుండా ఫైలు పంపాలంటే కనిపించని ఐఫ్రేమ్‌లోకి (పేజీలో ఇమిడిన మరో పేజీలోకి) ఫారం సమర్పించాలి. అలా వచ్చిన జవాబు జేసన్ (డేటాను పంపే ఒక అక్షర రూపం) రకమని హెడర్‌లో చెబితే ఆ బ్రౌజర్ దాన్ని డౌన్‌లోడ్ చేయమంటారా అని అడిగేది. అందువల్ల సర్వర్‌లో ఒక షరతు రాశారు. అభ్యర్థనలో 'ఎక్స్-రిక్వెస్టెడ్-విత్' హెడర్ లేకపోతే, అది ఐఫ్రేమ్ నుంచి వచ్చిందని భావించి, అదే జేసన్‌ను హెచ్‌టీఎంఎల్ రకంగా పంపాలి. ఆ రోజుకు అది సరైన పరిష్కారమే.

ఈ షరతు ముందు పెట్టిన గుర్తు మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంది. ఐఈ 9 వాడుకరులు ఇంతమంది ఉండడం అసాధ్యం. యూజర్ ఏజెంట్లను చూస్తే అన్నీ నేటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలే. కారణం ఏమిటంటే, అప్‌లోడ్ పేజీని తర్వాతి కాలంలో జేక్వెరీ నుంచి బ్రౌజర్‌లోనే ఉండే ఫెచ్‌కు మార్చారు. జేక్వెరీ ఆ హెడర్‌ను తనంతట తాను చేర్చేది, ఫెచ్ చేర్చదు. ఫెచ్ జవాబును జేసన్‌గా చదివేటప్పుడు కంటెంట్ రకాన్ని చూడదు కాబట్టి ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు. అంటే పాత బ్రౌజర్ కోసం వేసిన దారిలో అన్ని కొత్త బ్రౌజర్లూ నడుస్తున్నాయి. లెక్క మాత్రమే చూసి ఉంటే ఈ కోడ్ చాలా వాడుకలో ఉందని వదిలేసేవాళ్లం. ఎంతమంది వస్తున్నారన్న దానికంటే ఎవరు, ఎందుకు వస్తున్నారన్నది తెలియడం ముఖ్యమని ఈ ఒక్క షరతు స్పష్టం చేసింది.

ఇందులో భద్రతా కోణం కూడా ఉంది. ఆ జేసన్‌లో వాడుకరి ఇచ్చిన ఫైలు పేరు యథాతథంగా ఉంటుంది. దాన్ని హెచ్‌టీఎంఎల్ రకంగా పంపితే, పేరులో స్క్రిప్ట్ ట్యాగు ఉన్న ఫైలుకు వచ్చిన జవాబును బ్రౌజర్ నేరుగా పేజీగా తెరిచినప్పుడు ఆ స్క్రిప్ట్ నడుస్తుంది. మరో సైటు నుంచి వచ్చే దొంగ అభ్యర్థనలను ఆపే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ తనిఖీ ఉన్నందువల్ల బయటివారికి ఇది వెంటనే చేతికి చిక్కే దారి కాదు. కానీ ఒక రక్షణ మరో లోపాన్ని కప్పి ఉంచడాన్ని నేను భద్రత అనను. షరతును తీసేసి, ఎప్పుడూ జేసన్ రకాన్నే పంపుతూ, కంటెంట్ రకాన్ని ఊహించవద్దని బ్రౌజర్‌కు చెప్పే 'నోస్నిఫ్' హెడర్‌ను చేర్చాం. ఐఫ్రేమ్ సృష్టించే జావాస్క్రిప్ట్ ఫైలు అంతా దానితో పాటే పోయింది.

సర్వర్ హెడర్లు కొన్నింటిని కూడా ఇదే వరుసలో తొలగించాం. ఐఫ్రేమ్‌లలో కుకీల కోసం ఐఈ అడిగే పీ3పీ విధానం హెడర్, ఐఈ ఏ మోడ్‌లో నడవాలో చెప్పే 'ఎక్స్-యూఏ-కంపాటిబుల్', క్రోమ్ 2019లో 78వ వెర్షన్‌తో పేజీలోకి చొప్పించిన స్క్రిప్టులను పసిగట్టే తన ఎక్స్ఎస్ఎస్ ఆడిటర్‌ను తీసేశాక అర్థం కోల్పోయిన 'ఎక్స్-ఎక్స్ఎస్ఎస్-ప్రొటెక్షన్' అందులో ఉన్నాయి.

పాత ఏపీఐ

మొదటి వెర్షన్ ఏపీఐ అవును, కాదు విలువలను 'ఒకటి', 'సున్నా' అనే స్ట్రింగులుగా ఇస్తుంది. రెండో వెర్షన్ నిజమైన బూలియన్లు ఇస్తుంది. ఒక ఏపీఐని వాడేవారు తగినంతమంది ఉంటే, దాని నడతలో బయటికి కనిపించే ప్రతి అంశం మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారని హైరమ్ రైట్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం చెబుతుంది. అది ఇక్కడ అక్షరాలా నిజమైంది. డాక్యుమెంటేషన్‌లో లేని ఫీల్డుల వరుస మీద కూడా ఒక భాగస్వామి స్క్రిప్ట్ ఆధారపడి ఉంది. అది జేసన్‌ను పార్స్ చేయకుండా, కామాల మధ్య విడగొట్టి చదువుతోంది.

అందుకే ఇక్కడ తొందరపడలేదు. 2019లో ఆర్ఎఫ్‌సీ 8594గా వెలువడిన సన్‌సెట్ హెడర్‌ను ప్రతి జవాబుకూ చేర్చి, ఆపే తేదీని అందులో చెప్పాం. హెడర్లను మనుషులు చదవరు కాబట్టి ప్రతి ఖాతాదారుకూ విడిగా రాశాం. ఆ తర్వాత, ముందే ప్రకటించిన వేళల్లో కొద్దిసేపు పాత ఏపీఐని ఆపి, 410 (ఇక లేదు) జవాబు ఇచ్చి, మళ్లీ తెరిచాం. ఉత్తరాలకు స్పందించనివారు ఈ చిన్న విరామాలకు స్పందించారు. ఇది కటువుగా అనిపించవచ్చు. కానీ శాశ్వతంగా ఆపిన రోజున వారికి తెలియడం కంటే, వెనక్కి తిప్పగలిగిన సమయంలో తెలియడమే వారికి మేలు.

పాత మొబైల్ యాప్ విషయం వేరు. అది 410ని అర్థం చేసుకోలేదు, ఖాళీ తెర చూపిస్తుంది. అయితే స్టేటస్ 200తో (అంతా సరే అనే సంకేతంతో), జవాబు లోపల ఎర్రర్ సందేశం ఉంటే ఆ సందేశాన్ని తెర మీద చూపించగలదు. కాబట్టి పాత ఏపీఐ మొత్తం పోయినా, ఆ యాప్ తన వెర్షన్ చెప్పినప్పుడు మాత్రం పాత రూపంలోనే 'కొత్త యాప్ ఇన్‌స్టాల్ చేసుకోండి' అనే ఒక్క సందేశాన్ని ఇచ్చే చిన్న ఫైలును ఉంచాం. ఈ కోడ్‌ను ఉంచడం సరైనదే. చివరి వాడుకరికి దారి చూపే బాధ్యత మనదే.

డేటాబేస్‌లో మిగిలిన జాడలు

శీర్షికల నిడివిని 191 అక్షరాలకు పరిమితం చేసే తనిఖీ ఒకటి చాలా చోట్ల ఉంది. ఆ సంఖ్య ఎక్కడిదో ఎవరికీ తెలియదు. గిట్ చరిత్రలో దొరికిన కమిట్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పట్టికల అక్షర సంకేతాన్ని 'యూటీఎఫ్8' నుంచి 'యూటీఎఫ్8ఎంబీ4'కు మార్చిన రోజుది. మైఎస్‌క్యూఎల్ వాడే పాత ఇన్నోడీబీ రకం పట్టికల్లో ఒక ఇండెక్స్ కాలమ్ పరిమితి 767 బైట్లు. అక్షరానికి నాలుగు బైట్ల చొప్పున లెక్కిస్తే 191 అక్షరాలే పడతాయి. మైఎస్‌క్యూఎల్ 5.7లో డిఫాల్ట్ అమరిక మారి ఆ పరిమితి 3072 బైట్లు అయింది. మా సర్వర్ ఎప్పుడో ఆ దశ దాటింది కాబట్టి, పట్టికల రో ఫార్మాట్‌ను మార్చి, కాలమ్‌లను పెంచి, ఆ తనిఖీని తొలగించాం. నాలుగు బైట్ల అక్షరాలను సేవ్ చేసే ముందు వడకట్టే ఫంక్షన్ కూడా దాని పక్కనే మిగిలి ఉంది. వాడుకరులు వ్యాఖ్యల్లో రాసిన ఎమోజీలు చెప్పకుండా మాయమవుతున్నది దానివల్లే.

పాస్‌వర్డులు దీనికంటే సున్నితమైనవి. మొదట్లో వాటిని ఎండీ5 హ్యాష్‌లుగా (వెనక్కి తిప్పలేని సంకేతాలుగా) దాచారు. తర్వాత ఛేదించడం మరింత కష్టమైన బీక్రిప్ట్ హ్యాష్ వచ్చింది. వాడుకరి లాగిన్ అయినప్పుడు పాత హ్యాష్ సరిపోతే, అప్పుడే కొత్త హ్యాష్ చేసి దాచే కోడ్ రాశారు. ఇది మంచి పద్ధతే. కానీ మళ్లీ లాగిన్ కానివారి హ్యాష్‌లు అలాగే ఉండిపోతాయి, ఆ కోడ్‌ను తీసే రోజు ఎప్పటికీ రాదు. పైగా డేటాబేస్ బయటికి పొక్కితే మొదట విరిగేవి ఆ హ్యాష్‌లే. అందుకని వాడుకరి కోసం ఎదురుచూడకుండా, ఉన్న ఎండీ5 హ్యాష్‌నే బీక్రిప్ట్‌కు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని దాచాం. ఇక్కడ హ్యాష్‌ను 32 అక్షరాల హెక్స్ రూపంలోనే ఇవ్వాలి. ముడి బైట్లుగా ఇస్తే మధ్యలో సున్నా బైటు వచ్చినప్పుడు చాలా బీక్రిప్ట్ అమలులు అక్కడితో చదవడం ఆపేస్తాయి. ఇప్పుడు డేటాబేస్‌లో ఒంటరి ఎండీ5 ఒక్కటీ లేదని క్వెరీ చెబుతోంది. ఒంటరి ఎండీ5తో నేరుగా పోల్చే పాత దారిని తొలగించాం. బీక్రిప్ట్‌లో ఇలా చుట్టిన హ్యాష్‌ల దారి మాత్రం మిగిలింది. దీర్ఘకాలంగా రాని ఖాతాలకు పాస్‌వర్డ్ రీసెట్ తప్పనిసరి చేశాక అది కూడా పోతుంది.

కాలమ్‌లను తీసేటప్పుడు ఒక క్రమం పాటించాం. ముందు కోడ్ ఆ కాలమ్‌ను చదవడం మానాలి, ఆ రిలీజ్ అన్ని సర్వర్లకూ చేరాక రాయడం మానాలి, అది కూడా అన్ని చోట్లకూ చేరాకే కాలమ్‌ను తొలగించాలి. డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్లకు చేర్చడం) జరుగుతున్నప్పుడు పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి ఈ మూడింటినీ ఒకే రిలీజ్‌లో కలపడం ప్రమాదం.

ఇప్పటి స్థితి

ప్రతి తొలగింపూ విడి కమిట్‌గా వెళ్లింది. సందేశంలో అది ఎవరి కోసం రాసిందో, వారు లేరనడానికి రుజువు ఏమిటో ఉంది. అందువల్ల ఏదైనా తేడా వస్తే ఆ ఒక్కదాన్నే వెనక్కి తిప్పవచ్చు. తొలగించిన ఫ్లాగుల పేర్లను ఒక ఫైలులో ఉంచి, వాటిలో దేనినైనా కొత్త కోడ్‌లో మళ్లీ వాడితే బిల్డ్ (కోడ్‌ను విడుదలకు సిద్ధం చేసే పని) ఆగేలా చేశాం. నైట్ క్యాపిటల్ ఉదంతం చదివిన తర్వాత ఇది లేకుండా పని ముగిసిందనడం నాకు సాధ్యం కాలేదు.

ఇకపై రాసే ప్రతి కంపాటిబిలిటీ కోడ్‌కూ, అది ఎవరి కోసమో, ఏ షరతు నెరవేరితే తీయాలో తెలిపే కామెంట్ తప్పనిసరి. లాగులో గుర్తు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. తీయవలసిన తేదీ దాటగానే బిల్డ్ విఫలం కావాలని ఒక ప్రతిపాదన వచ్చింది. దాన్ని అంగీకరించలేదు. అత్యవసర సవరణ పంపవలసిన రోజున సంబంధం లేని కారణంతో బిల్డ్ ఆగకూడదు. బదులుగా తేదీ దాటినవాటి జాబితా ప్రతి రిలీజ్ నివేదికలో మొదట కనిపిస్తుంది.

మిగిలినవి మూడే. జేక్వెరీ మైగ్రేట్ ప్లగిన్ తర్వాతి రిలీజ్‌తో పోతుంది. చుట్టిన హ్యాష్‌ల దారి రీసెట్ ఉత్తరాలు వెళ్లాక పోతుంది. పాత మొబైల్ యాప్‌కు సందేశం ఇచ్చే ఫైలు మాత్రం, ఆ వెర్షన్ నుంచి చివరి అభ్యర్థన వచ్చి ఒక పూర్తి సంవత్సరం గడిచేవరకు ఉంటుంది.